గ్రాఫిక్స్ కార్డు ఎప్పుడు మార్చాలో నేను చూసుకుంటాను, మీరు ఆగండి

నిన్న రాత్రి జరిగింది చెప్తాను, ఇంకా మంట చల్లారలేదు. నలుగురం కలిసి కంప్యూటర్‌లో ఆన్‌లైన్ ఆట ఆడుతున్నాం, వాయిస్ చాట్ ఆన్‌లో ఉంది. చివరి బాస్ (ఆటలో అందరికంటే పెద్ద శత్రువు) దగ్గర నా క్యారెక్టర్ ముందుకు పరిగెత్తి, ఎవరో చొక్కా పట్టి లాగినట్టు రెండడుగులు వెనక్కి వచ్చి పడింది. చచ్చాను. అది ఆటలో మామూలే. కానీ వెంటనే హెడ్‌సెట్‌లో ఒక గొంతు: "ఏంట్రా, ఇంకా ఆ పాత కార్డేనా? మార్చెయ్ రా బాబూ, నీ వల్ల అందరం చస్తున్నాం." మిగతా ఇద్దరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఎందుకు మండిందంటే, ఆ తప్పు నా కార్డుది, అంటే ఆట బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డుది, కానే కాదు. స్క్రీన్ మూలన నేను ఎప్పుడూ ఓవర్‌లే, అంటే ఈ అంకెలన్నీ చూపించే చిన్న పట్టీ, పెట్టుకుంటాను. ఆ క్షణంలో ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేములు, అంటే బొమ్మలు) 62 దగ్గర కదలకుండా ఉంది, కార్డు వాడకం 80 శాతం కూడా దాటలేదు, పింగ్ (సర్వర్‌కి వెళ్ళి రావడానికి పట్టే మిల్లీసెకన్లు) మాత్రం ఒక్కసారిగా 400 దాటింది. అంటే నెట్ కొట్టుకుంది. వెనక్కి లాగినట్టు పడటం నెట్ సమస్య, బొమ్మ ముక్కలు ముక్కలుగా కదలడం కార్డు సమస్యో ప్రాసెసర్ సమస్యో అవుతుంది. ఈ రెండిటికీ మనవాళ్ళు వాడే మాట ఒక్కటే, "ల్యాగ్". నెట్ ఆగినా ల్యాగే, ఫ్రేములు పడిపోయినా ల్యాగే, హార్డ్ డిస్క్ నిదానంగా లోడ్ చేసినా ల్యాగే, అన్నిటికీ మందు కూడా ఒక్కటే, కార్డు మార్చెయ్. జ్వరమొచ్చినా, కాలు విరిగినా ఒకే మాత్ర ఇచ్చే డాక్టర్ దగ్గరికి మీరు రెండోసారి వెళ్తారా?

నా దగ్గరున్నది ఎన్విడియా జీటీఎక్స్ 1060, 6 జీబీ మెమరీది. 2016 జూలైలో వచ్చిన కార్డు. పాతదని నాకు తెలుసు, ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు. ఒకే ఒక్క 6 పిన్ కరెంటు కేబుల్‌తో, 120 వాట్లతో ఇన్నేళ్ళు నడిచింది. నా మానిటర్ 1080పీ (నిలువునా 1080 చుక్కలు), 60 హెర్ట్జ్. అంటే సెకనుకు 60 బొమ్మలకు మించి అది చూపించలేదు. రేపు నేను 140 ఫ్రేములిచ్చే కార్డు తెచ్చి పెట్టినా ఈ మానిటర్ మీద కంటికి కనిపించేవి ఆ అరవయ్యే. ముందు మానిటర్ సంగతి అడగకుండా కార్డు మార్చమనేవాళ్ళని చూస్తే నాకు నిజంగా అర్థం కాదు, వీళ్ళు ఆట ఆడతారా లేక డబ్బా మీద అంకెలు చదువుకుంటారా అని.

పోయిన వేసవిలో నాకూ అనుమానమొచ్చింది, దీని పనైపోయిందేమో అని. అరగంట ఆడగానే ఫ్యాన్లు హోరుమనేవి, 60 ఉన్న ఫ్రేములు 45కు పడిపోయేవి. ఉష్ణోగ్రత చూస్తే 84 డిగ్రీలు. ఒక ఆదివారం కార్డు బయటికి తీసి టేబుల్ మీద పెట్టి విప్పాను. ఫ్యాన్ల కింద, వేడిని బయటికి పంపే హీట్‌సింక్ రేకుల మధ్య దుమ్ము పేరుకుని బూడిదరంగు దుప్పటిలా తయారైంది, గోటితో పట్టుకుని లాగితే చాపలా మొత్తం ఊడి వచ్చింది. చిప్ మీద, దాని వేడిని హీట్‌సింక్‌కి అందించే థర్మల్ పేస్ట్ ఎండిపోయి, పాత గోడకు సున్నం పెచ్చులూడినట్టు రాలింది. మెత్తని బ్రష్‌తో దుమ్ము దులిపి, చిప్ తుడిచి, బఠాణీ గింజంత కొత్త పేస్ట్ పెట్టి, స్క్రూలు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించి మళ్ళీ పెట్టాను. 84 కాస్తా 70 అయింది. ఆ 45 ఫ్రేములు మళ్ళీ 60 అయ్యాయి. వేడెక్కితే కార్డు తనని తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, అంతే జరిగింది. కార్డు ముసలిదవ్వలేదు, దానికి ఊపిరాడలేదు. ఈ పని చేయకుండా ఎన్ని మంచి కార్డులు మూలన పడ్డాయో తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

అసలు కార్డు మీద నింద వేసేముందు ఐదు నిమిషాల పరీక్ష ఉంది. ఆటలో రెజల్యూషన్ 1080 నుంచి 720కి దించండి. ఫ్రేములు బాగా పెరిగాయా? అయితే అడ్డం పడుతున్నది కార్డే. పెద్ద తేడా లేదా? అయితే కార్డు ఖాళీగా కూర్చుని ప్రాసెసర్ కోసం ఎదురుచూస్తోంది, మీరు ఎంత పెద్ద కార్డు తెచ్చినా అదీ అలాగే కూర్చుంటుంది. ఓవర్‌లేలో కార్డు వాడకం 98, 99 దగ్గర అతుక్కుని ఉంటే ఒక కథ, 60 దగ్గర ఊగుతుంటే వేరే కథ. ఇదేమీ పెద్ద విద్య కాదు. అయినా ఎవడూ చేయడు, ఎందుకంటే "మార్చెయ్" అనడానికి ఒక్క సెకను చాలు.

ఇప్పుడు అసలు బాధ దగ్గరికి వస్తాను. నిన్న హెడ్‌సెట్‌లో వినిపించిన గొంతు నాకు కొత్త కాదు. మూడేళ్ళ క్రితం నా తమ్ముడికి సలహా ఇచ్చిన గొంతు కూడా అదే. వాడు ఏడాది పాటు పైసా పైసా దాచుకున్నాడు. వాడి సిస్టమ్‌లో పాత నాలుగు కోర్ల ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్ ఒకే స్టిక్. నేను చెప్పాను, ముందు ఇంకో స్టిక్ వేసుకో, రెండు ఛానెల్స్‌లో, అంటే రెండు దారుల్లో, నడుస్తుంది, తర్వాత చూద్దాం అని. వాడు వినలేదు, ఎందుకంటే ఈ పెద్దమనిషి "ర్యామ్‌తో ఏమవుతుంది రా, కార్డే ప్రాణం" అని నూరిపోశాడు. దాచిన డబ్బంతా పెట్టి పెద్ద కార్డు తెచ్చాడు. అది పెట్టాక పవర్ సప్లై చాలక సిస్టమ్ ఆగిపోవడం మొదలైంది, అదీ మార్చాడు, అప్పు చేసి. అంతా అయ్యాక వాడు రోజూ ఆడే ఆట తెరిచాడు. నేను పక్కనే కూర్చున్నాను. ముందు 58 ఉండేది. ఇప్పుడు 63. వాడు సెట్టింగ్స్‌లోకి వెళ్ళి వచ్చాడు, రీస్టార్ట్ చేశాడు, డ్రైవర్ తీసి మళ్ళీ వేశాడు, మళ్ళీ చూశాడు. 63. నా వైపు తిరిగి "అన్నా, ఇంతేనా?" అన్నాడు. ఆ మొహం నేను మర్చిపోలేను. ఆ సలహా ఇచ్చినవాడు తర్వాత ఒక్కసారి కూడా ఎలా ఉందిరా అని అడగలేదు. ఎద్దు పుండు కాకికి ముద్దా అని ఊరికే అనలేదు.

అందుకే నిన్న ఆ మాట వినగానే నా బాస్ ఫైట్ కాదు, తమ్ముడి మొహం గుర్తొచ్చింది.

సరే, పొరపాటు సలహాలు ఇచ్చేవాళ్ళని వదిలేద్దాం, సరిగ్గా తెలుసుకుని కొనాలనుకున్నవాడి పరిస్థితి మాత్రం ఏమన్నా బాగుందా? కార్డుల కంపెనీలు ఒకే పేరు పెట్టి రెండు వేర్వేరు సరుకులు అమ్ముతాయి. నా 1060నే తీసుకోండి. 6 జీబీ, 3 జీబీ అని రెండు వచ్చాయి. తేడా మెమరీ ఒక్కటే అనుకుంటారు ఎవరైనా. కాదు, 6 జీబీ దాంట్లో లెక్కలు చేసే కోర్లు 1280, 3 జీబీ దాంట్లో 1152. చిప్పే తగ్గించి పేరు మాత్రం అదే ఉంచారు. జీటీ 1030 అయితే ఇంకా అన్యాయం, 2018లో నిదానమైన డీడీఆర్4 మెమరీతో అదే పేరుతో ఇంకోటి వదిలారు, దాని మెమరీ వేగం మొదటిదాంట్లో సుమారు మూడోవంతు. ఆర్‌టీఎక్స్ 3060 కూడా అంతే, మొదట 12 జీబీతో వచ్చింది, తర్వాత 8 జీబీది వచ్చింది, మెమరీ దారి కూడా 192 బిట్ల నుంచి 128కి కోసేశారు, పేరు మాత్రం 3060. 2022లో ఆర్‌టీఎక్స్ 4080 పేరుతో 12 జీబీ కార్డు ఒకటి ప్రకటించి, జనం గగ్గోలు పెడితే అక్టోబర్‌లో వెనక్కి తీసుకున్నారు. అరిస్తే ఆగింది, చూశారా. మిగతావాటి మీద మనం అరవలేదు, అందుకే డబ్బాల మీద ఉండిపోయాయి.

నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించేది ఏఎమ్‌డీ వాళ్ళ ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ. 2022 జనవరిలో వచ్చింది, తక్కువలో కావాలనుకునేవాళ్ళ కోసం అన్నారు. 4 జీబీ మెమరీ, మదర్‌బోర్డుతో మాట్లాడటానికి నాలుగే నాలుగు లేన్లు, అంటే డేటా దారులు. కార్డు తగిలించే పీసీఐఈ స్లాట్ 4.0 రకం ఉన్న కొత్త బోర్డులో అయితే ఎలాగో నెట్టుకొస్తుంది. 3.0 బోర్డులో పెడితే ఆ నాలుగు లేన్ల వేగం సగమైపోతుంది, 4 జీబీ నిండగానే ఆట నత్తనడక నడుస్తుంది. ఇప్పుడు చెప్పండి, తక్కువలో కార్డు వెతికేవాడి దగ్గర ఏ బోర్డు ఉంటుంది? పాతదే కదా! ఎవరి కోసమని చెప్పారో సరిగ్గా వాళ్ళ దగ్గరే అది కుంటుతుంది. వీడియో రికార్డ్ చేసుకునే ఎన్‌కోడర్ కూడా తీసేశారు, ఐదేళ్ళ ముందు వచ్చిన ఆర్ఎక్స్ 580లో ఉన్నది ఇందులో లేదు. లేనివాడి నోటి దగ్గర కూడు లాక్కోవడం అంటే ఇదే.

ఇక ఆటలు చేసేవాళ్ళు. రెమ్నెంట్ 2 వచ్చినప్పుడు, 2023లో, అప్‌స్కేలింగ్‌ని, అంటే చిన్న బొమ్మ గీసి పెద్దది చేసుకోవడాన్ని, దృష్టిలో పెట్టుకునే ఆటను తయారు చేశామని వాళ్ళే చెప్పారు. మాన్‌స్టర్ హంటర్ వైల్డ్స్ 2025 ఫిబ్రవరిలో వచ్చింది, 1080పీలో 60 ఫ్రేములు రావాలంటే ఫ్రేమ్ జనరేషన్ ఆన్ చేసుకోమని సిఫార్సు పట్టికలోనే రాశారు. అంటే సగం బొమ్మలు ఊహించి మధ్యలో అతికించినవి. ఎన్విడియా అప్‌స్కేలింగ్ అయిన డీఎల్ఎస్ఎస్ క్వాలిటీ మోడ్ 1080పీలో పెడితే కార్డు లోపల గీసేది 720పీ బొమ్మే. ఈ టెక్నాలజీ చెడ్డదని నేను అనడం లేదు, ఏఎమ్‌డీ అప్‌స్కేలింగ్ అయిన ఎఫ్ఎస్ఆర్ లేకపోతే నా 1060 కొన్ని ఆటల్లో ఎప్పుడో చేతులెత్తేసేది, దానికి నేను రుణపడి ఉన్నాను. కానీ అది పాత కార్డుకి చేతికర్రగా వచ్చింది. ఇప్పుడు పరిగెత్తగలిగే కొత్త కార్డుల చేతికి కూడా ఆ కర్ర ఇచ్చి, ఆట సరిగ్గా చేయని తప్పంతా మన కార్డు మీదికి నెడుతున్నారు. నువ్వు మార్చు, నువ్వు కొను, నువ్వు సర్దుకో. వాళ్ళు మాత్రం ఆటను సరిచేయరు.

ఇంత చెప్పాను కాబట్టి కార్డు ఎప్పుడూ మార్చకూడదని అంటున్నానని అనుకోకండి. నాకూ రోజు దగ్గర పడింది. కాంతి పడే తీరును లెక్కగట్టే రే ట్రేసింగ్ హార్డ్‌వేర్ లేకపోతే అసలు తెరుచుకోని ఆటలు వచ్చేశాయి, 2024 డిసెంబర్‌లో వచ్చిన ఇండియానా జోన్స్ ఆట అలాంటిది, 2025 మేలో వచ్చిన డూమ్: ద డార్క్ ఏజెస్ అలాంటిది. వాటికి సెట్టింగ్స్ తగ్గించి లాభం లేదు, తలుపే తీయవు. నా తరం కార్డులకు కొత్త ఆటల డ్రైవర్లు 2025 అక్టోబర్‌తో ఆగిపోయాయి, ఇక 2028 అక్టోబర్ వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రమే. తొమ్మిదేళ్ళు ఇచ్చారు, అందులో నాకు ఫిర్యాదు లేదు. ఆడాలని గట్టిగా అనిపించిన ఆట తెరుచుకోకపోతే అది కారణం. లో సెట్టింగ్స్‌లో పెట్టినా 30 ఫ్రేములు నిలబడకపోతే అది కారణం. సగటు 70 చూపిస్తూ మధ్యమధ్యలో వీ-ర్యామ్ (కార్డు మెమరీ) నిండి 20కి పడిపోతూ కళ్ళు లాగేస్తుంటే, టెక్స్చర్లు (వస్తువుల పైపూత బొమ్మలు) తగ్గించినా ఆగకపోతే, అదీ కారణమే. కొత్త సిరీస్ వచ్చింది అనేది కారణం కాదు. పక్కవాడి దగ్గర ఉంది అనేది అసలే కాదు.

నేను కొనే రోజు వస్తే 8 జీబీది ముట్టుకోను. ఆర్ఎక్స్ 480లో 8 జీబీ 2016లోనే ఇచ్చారు, 2025లో వచ్చిన ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 5060లో కూడా అదే 8. నా బోర్డు పీసీఐఈ 3.0, ఈ 5060కి ఉన్నవి ఎనిమిది లేన్లే, మెమరీ నిండితే ఆ ఇరుకు సందులోంచే అంతా రావాలి. 5060 టీఐ కొనాలన్నా ఏఎమ్‌డీ 9060 ఎక్స్‌టీ కొనాలన్నా మళ్ళీ అదే పేరు జబ్బు, 8 ఒకటి, 16 ఒకటి. డబ్బా మీద ఆ చిన్న అంకె చూడకుండా చేతిలోకి తీసుకోకండి, మీకు దండం పెడతాను.

తమ్ముడి సంగతి చెప్పడం మరిచాను. రెండు నెలల తర్వాత ఇంకో 8 జీబీ స్టిక్ వేశాడు, నేనే తెచ్చి ఇచ్చాను. ఆ 63 కాస్తా 78 అయింది. చిన్న స్టిక్, నా అరచేతిలో సగం కూడా లేదు. ప్రాసెసర్ ఈమధ్యే మార్చాడు, ఇప్పుడు ఆ పెద్ద కార్డు మొదటిసారి ఒళ్ళు వంచి పనిచేస్తోంది, ఇన్నాళ్ళకి.

నిన్నటి పెద్దమనిషికి ఆ పింగ్ గ్రాఫ్ ఫోటో తీసి గ్రూపులో పెట్టాను. చూసినట్టు గుర్తు పడింది. జవాబు మాత్రం ఇప్పటిదాకా లేదు.