గంట కొట్టిన పాపం

మా ఇంట్లో ముగ్గురం తెలుగులో దెబ్బలాడుకుంటాం. నాలుగో ప్రాణి బూరె మాత్రం ఇంగ్లీషు మీడియం. “కూర్చోవే తల్లీ” అని మా అత్తగారు ఎంత బతిమాలినా చెవికెక్కదు. “సిట్” అంటే చాలు, వెనక కాళ్లు మడిచి బుద్ధిమంతురాలి మొహం పెడుతుంది. గోదావరి ఒడ్డున పుట్టిన కుక్కకి ఆ భాష ఎలా అబ్బిందో నాకిప్పటికీ అంతుబట్టదు.

బూరె లాబ్రడార్. రంగు చూసి మా అమ్మాయి ఆ పేరు పెట్టింది. పేరు పెట్టి, ముద్దులు పెట్టి, పైచదువుకి జర్మనీ వెళ్తూ “రెండేళ్లే నాన్నా” అని గొలుసు నా చేతిలో పెట్టింది. రాజమండ్రిలో మూడో అంతస్తు ఫ్లాటు, ముప్పై కిలోల ప్రేమ. కాలింగ్ బెల్ మోగితే ఆ ప్రేమంతా వచ్చినవాళ్ల గుండెల మీద పడేది. పాలబ్బాయి ప్యాకెట్లు మెట్ల మీంచే విసరడం మొదలుపెట్టాడు. గ్యాస్ బండ తెచ్చే అతను బండని అడ్డం పెట్టుకుని, దాని వెనక నక్కి డబ్బులు తీసుకునేవాడు.

చివరికి ఒక ట్రైనర్‌ని పెట్టాం. పాతికేళ్ల కుర్రాడు. కుక్కకి పాఠం చెబుతాడనుకుంటే మొదటి రోజంతా నాకే చెప్పాడు. మీదికి దూకితే తిట్టకూడదట, చేత్తో తొయ్యకూడదట. “మీకది కోపం సార్, దానికది ఆట. అటు తిరిగి నిలబడండి. దాని వంక చూడనే చూడకండి.” అటు తిరిగి నిలబడ్డాను. వీపు మీదికి దూకింది. “మొదట్లో ఇంకాస్త ఎక్కువ చేస్తుంది సార్. మీరు గట్టిగా ఉంటే అదే మానేస్తుంది” అన్నాడు. నేను గట్టిగానే ఉన్నాను. చొక్కాలే ఉండలేకపోయాయి.

అసలు విద్య చాప. బెల్ మోగగానే వెళ్లి చాప మీద పడుకోవాలి, కిక్కురుమనకూడదు. పడుకున్న మరుక్షణం ఉడికించిన చికెన్ ముక్క నోట్లో పడాలి. ఆలస్యమైతే దేనికి పెట్టారో దానికి అర్థం కాదట. పూటకి ఐదు నిమిషాలు చాలు. చికెన్ ఉన్నంతసేపూ బూరెకి చదువు బ్రహ్మాండంగా వచ్చింది. లాబ్రడార్లలో దాదాపు నాలుగింట ఒకదానికి ఆకలికి సంబంధించిన ఒక జన్యువులో కొంత ముక్క ఉండదని, అందుకే అవి తిండి చుట్టూ అంతగా తిరుగుతాయని 2016లో కేంబ్రిడ్జి పరిశోధకులు చెప్పారు. మా దానికి ముక్క కాదు, జన్యువు మొత్తమే లేదని నా నమ్మకం.

చిక్కల్లా బెల్ దగ్గరే వచ్చింది. నేను లోపల చికెన్‌తో సిద్ధంగా ఉండాలి, బయటినుంచి ఎవరో బెల్ నొక్కాలి. మా ఆవిడ రెండు రోజులు నొక్కింది. మూడో రోజు “నా ఇంటి బయట నేను నిలబడి, కుక్కగారు పడుకున్నారా అని అడిగి లోపలికి రావాలా?” అని చెప్పులు విడిచేసి వచ్చేసింది.

అప్పుడు నా చూపు దేవుడి గది మీద పడింది. అందులో రెండు గంటలున్నాయి. ఒకటి రోజువారీది. రెండోది మా అత్తగారు కాశీ నుంచి తెచ్చుకున్న ఇత్తడిది, పండగలకీ వ్రతాలకీ మాత్రమే తీసేది. బెల్ అన్నా గంట అన్నా ఒకటే కదా! రష్యాలో పావ్‌లోవ్ గారు చప్పుడు వినిపించి తిండి పెట్టీ పెట్టీ, చివరికి చప్పుడుకే కుక్కలు చొంగ కార్చేలా చేశారు. ఆయనకి 1904లో నోబెల్ కూడా వచ్చింది. (వచ్చింది జీర్ణక్రియ మీద చేసిన పనికి లెండి, అయినా అందరికీ గుర్తున్నది చొంగే.) ఆయన సామగ్రిలో కాశీ గంట లేదు, అంతే తేడా.

సాయంత్రం ఆడవాళ్లిద్దరూ కోటిలింగాల రేవుకి బయల్దేరగానే మా బడి మొదలయ్యేది. కుడిచేత్తో గంట, ఎడంచేత్తో చికెన్. కంగారులో ఒక్కోసారి చేతులు మారేవి. అయ్యాక గంటని లుంగీతో తుడిచి యథాస్థానంలో పెట్టేసేవాణ్ణి. పొద్దున్న మా ఆవిడ పూజ వేళకి నేనూ బూరే గట్టు మీద షికారులో ఉంటాం కాబట్టి గుట్టు దాగింది. ఇరవై రోజులకి గంట ఒక్కసారి ఠంగుమంటే ఏ మూల ఉన్నా వచ్చి, దగ్గర్లో ఏ చాప కనబడితే దాని మీద పడుకుని, ముంగాళ్ల మీద గడ్డం ఆనించి, నా జేబు వంక ధ్యానంగా చూసేది.

ఇంతలో కార్తీకమాసం వచ్చింది. ఇంట్లోకి ఉల్లిపాయ కూడా రావడం లేదు. బూరె చికెన్ బాల్కనీలో, విడి పొయ్యి మీద ఉడుకుతోంది. పున్నమికి సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నాం. పాతికమందిని పిలిచాం. బూరెని పడగ్గదిలో పెట్టి తలుపు వేశాం.

నేను పట్టుపంచె, ఆవిడ పట్టుచీర, ఇద్దరికీ కొంగుముడి. వ్రతం కదా, బయటికి తీసింది కాశీ గంట. పంతులుగారు మొదటిసారి దాన్ని మోగించగానే పడగ్గది తలుపు మీద గోళ్ల చప్పుడు, సన్నటి మూలుగు. “మూగజీవి, దానికీ ఎంత భక్తో!” అన్నారు ఎదురింటి బామ్మగారు. కథకోసారి గంట, గంటకోసారి మూలుగు. నాకు పంచెలో చెమటలు. ప్రసాదం తీసుకోకుండా కళావతి పరుగెత్తడం, మొగుడి పడవ మునిగిపోవడం అయింది. ఐదో కథ అయింది, నైవేద్యం అయింది. పంతులుగారు గంట కింద పెట్టి హారతికి కర్పూరం తీస్తున్నారు.

అప్పుడు కాలింగ్ బెల్ మోగింది. ఆ చప్పుడుకి మా బడిలో పాఠమే జరగలేదు. పైగా ఎవరి పిల్లాడో “కుక్క ఏదీ?” అంటూ పడగ్గది గడియ తీశాడు. వీధి తలుపు తెరుచుకుంటే గుమ్మంలో మా ఆవిడ పెద్దమ్మగారు, అరిటాకు పచ్చ కంచిపట్టు చీరలో. బూరె హాలు మధ్యనుంచి రాజధానీ ఎక్స్‌ప్రెస్‌లా బయల్దేరింది.

లేవబోయాను. కొంగుముడి లేవనివ్వలేదు. ఇక అందుబాటులో ఉన్నది ఒక్కటే. గంట తీసి కొట్టేశాను.

బూరె చీరకి మూరెడు దూరంలో ఆగిపోయింది. వెనక్కి తిరిగింది. చాప కోసం వెతికింది. దాన్ని చూసి పంతులుగారు అప్పటికే లేచి గోడకి అతుక్కుపోయారు. ఖాళీ అయిన దర్భచాప మీదికి వెళ్లి, దేవుడికి ఎదురుగా, ముంగాళ్ల మీద గడ్డం ఆనించి పడుకుంది. పాతికమందిలో ఒక్కరూ ఊపిరి తియ్యలేదు. బూరె మాత్రం నా నడుం వంకే చూస్తోంది. మరుక్షణం పెట్టాలి. పట్టుపంచెకి జేబు లేదు.

చేతికందింది ప్రసాదం గిన్నె. తీరా చూస్తే నిండా కిస్మిస్. ద్రాక్షపళ్లూ కిస్మిస్సూ కుక్కల కిడ్నీలని పాడుచేస్తాయి. నేతిలో ఉబ్బి, రవ్వలో కూరుకుపోయిన వాటిని ఒక్కొక్కటీ గోటితో తీసి అరిటాకు మీద పెడుతూ కూర్చున్నాను. ఆ నిశ్శబ్దంలో అది ఎంతసేపు పట్టిందని!

“పెట్టండి బాబూ,” అన్నారు పంతులుగారు గోడ దగ్గర్నుంచే. “కళావతి కథ అందరికంటే శ్రద్ధగా విన్నది ఇదే.”

మా అత్తగారు వంగి గంట చేతిలోకి తీసుకున్నారు. ముక్కు దగ్గర పెట్టుకున్నారు. “అల్లుడుగారూ, ఇది ఏ కూర వాసనండీ?”

మా ఆవిడ ఏమీ అనలేదు. కొంగుముడి మాత్రం తనే విప్పేసుకుంది.

గంటని చింతపండుతో మూడు రోజులు తోమారు. అయినా దేవుడి గదిలోకి రానివ్వలేదు. ట్రైనర్ వచ్చి, “ఒక చప్పుడుకి నేర్పింది ఇంకో చప్పుడుకి రాదు సార్, కాలింగ్ బెల్‌తో మళ్లీ మొదట్నుంచీ చెయ్యాలి” అన్నాడు. బెల్ నొక్కడానికి ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు. ఆఖరికి కాలింగ్ బెల్ తీగ పీకేసి, కాశీ గంటని గుమ్మం బయట మేకుకి తగిలించాం.

ఇప్పుడు ఎవరొచ్చి గంట కొట్టినా లోపల బూరె చాప మీద ఉంటుంది. మొన్న ఎదురింటి బామ్మగారు ఆ మేకుకి బంతిపూలు చుట్టారు. నిన్న కొరియర్ అబ్బాయి చెప్పులు విడిచి, గంట కొట్టి, కళ్లు మూసుకుని దణ్ణం పెట్టి, తలుపు తీశాక ఓటీపీ అడిగాడు.