జకరండా కొమ్మలు ఏటా కొట్టకండి

ఊదారంగు పూలు పూసే జకరండా చెట్టుకు ఏటా కొమ్మలు కత్తిరిస్తే బాగా పూస్తుందని మీ వ్యాసంలో రాశారు. దయచేసి ఆ మాట సరిచేయండి. కొట్టిన చోట కర్రల్లా నిటారుగా పిలకలు లేస్తాయి, గొడుగులా విచ్చుకునే ఆకారం పోతుంది. బెంగళూరులో మా ఇంటి ముందు చెట్టు కరెంటు తీగలకు తగులుతోందని తల నరికేశారు. 4 ఏళ్లయినా ఆ అందం తిరిగి రాలేదు, చూస్తే కడుపు తరుక్కుపోతుంది. మొక్కగా ఉన్నప్పుడే ఒక్క కాండం నిలిపి, తర్వాత ఎండుకొమ్మలు తీస్తే చాలు. యూరియా వద్దు, వేస్తే పూతకు బదులు ఆకే పెరుగుతుంది. అర్జెంటీనా, బొలీవియాల చెట్టు ఇది. నిండుగా ఎండ కావాలి, మొదలు దగ్గర నీళ్లు నిలవకూడదు. గింజ నుంచి పెంచితే పూతకు 7-8 ఏళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. అన్నేళ్లు పెంచిన చెట్టు మీద కత్తి వేసే ముందు ఒక్కసారి ఆలోచించండి.