సవరణ: వైట్ ట్రక్కుల పేరు 1980లోనే పోలేదు

అమెరికాలోని క్లీవ్‌లాండ్‌కు చెందిన వైట్ మోటార్ కంపెనీ 1980లో దివాలా తీసిందని, ఆ పేరు కూడా అప్పుడే పోయిందని మొన్న రాశాను. మొదటి మాట నిజమే, రెండోది తప్పు. 1981లో వోల్వో ఆ వ్యాపారాన్ని కొన్నాక కూడా వైట్ పేరుతో బండ్లు వచ్చాయి. తర్వాత జనరల్ మోటార్స్ హెవీ ట్రక్కులు కూడా వచ్చి కలిశాక వైట్‌జీఎంసీ అని అమ్మారు.

ఇంకొకటి. ఫ్రైట్‌లైనర్ అనే ట్రక్కుల కంపెనీ వైట్ వాళ్ల సొంతమే అన్నాను. కాదు. 1951 నుంచి 1977 దాకా దాని ట్రక్కులను వైట్ అమ్మిపెట్టింది, అంతే. బండి మీద రెండు పేర్లూ కలిపి ఉండేవి, నేను బోల్తా పడింది అక్కడే. కుట్టుమిషన్లు చేసే కుటుంబం నుంచే వైట్ కంపెనీ పుట్టిందన్న మాట మాత్రం, నమ్మబుద్ధి కాకపోయినా, నిజమే.