చూపు మందగిస్తే తప్పంతా వయసుదేనా?

పెద్దవాళ్లలో చూపు లోపం ఎంతమందికి ఉందో చెప్పే సర్వే ఏది తీసుకున్నా, అందులో రిస్క్ ఫ్యాక్టర్ల (ముప్పును పెంచే అంశాల) పట్టిక ఒకటి ఉంటుంది. వయసు పైబడటం, స్త్రీ కావడం, చదువు లేకపోవడం, తక్కువ ఆదాయం, షుగర్, పొగతాగడం... అన్నీ ఒకే వరుసలో కనిపిస్తాయి. నా అభ్యంతరం ఈ వరుస మీదే. షుగర్ రెటీనాలోని, అంటే కంటి వెనుక ఉండే పొరలోని రక్తనాళాలను నేరుగా దెబ్బతీస్తుంది. చదువు లేకపోవడం కంటిలోని ఏ భాగాన్నీ దెబ్బతీయదు. మరి అది ఆ పట్టికలోకి ఎలా వచ్చింది?

ముందు సమస్య ఎంత పెద్దదో చూద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన నివేదిక ప్రకారం దగ్గరి చూపో దూరపు చూపో దెబ్బతిన్నవారు కనీసం 220 కోట్ల మంది. వీరిలో కనీసం 100 కోట్ల మందిది నివారించగలిగిన లోపం, లేదా ఇప్పటికీ సరిచేయని లోపం. ఈ 100 కోట్లలో దాదాపు 82.6 కోట్ల మందిది చత్వారమే. అంటే నలభై దాటాక దగ్గరివి మసకబారడం, దానికి చదువుకునే అద్దాలు లేకపోవడం. ఆ సంస్థ తర్వాత సవరించిన లెక్కల ప్రకారం శుక్లాలు 9.4 కోట్ల మందికి, అద్దాలతో సరయ్యే దూరపు చూపు దోషం 8.8 కోట్ల మందికి ఉన్నాయి. మనం ఎక్కువగా భయపడే గ్లకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు) 77 లక్షలు, షుగర్ వల్ల వచ్చే రెటీనా జబ్బు 39 లక్షలు. ఇవి చిన్న సంఖ్యలని కాదు, వీటిలో పోయిన చూపు చాలావరకు తిరిగి రాదు. కానీ లెక్కలో సింహభాగం ఒక జత అద్దాలతోనో, ఒక చిన్న ఆపరేషన్‌తోనో తీరిపోయేది.

కొలిచే పద్ధతిలోనే ఈ విషయం బయటపడుతుంది. చార్టు ముందు కూర్చోబెట్టి, మనిషి రోజూ ఎలా ఉంటాడో అలాగే, అద్దాలుంటే అద్దాలతో, లేకపోతే లేకుండా చూపును పరీక్షిస్తారు. మెరుగైన కంట్లో 6/12 (మామూలు కన్ను 12 మీటర్ల నుంచి చదివేదాన్ని 6 మీటర్ల నుంచి చదవడం) కంటే తక్కువుంటే చూపు లోపం మొదలైనట్టు, 3/60 కంటే తక్కువుంటే అంధత్వం. తర్వాత సన్నటి రంధ్రమున్న చిన్న పలకను కంటికి అడ్డంపెట్టి మళ్లీ చదివిస్తారు. అప్పుడు అక్షరాలు స్పష్టంగా కనిపిస్తే ఆ మనిషికి చాలావరకు కావాల్సింది అద్దాలే. ఒకప్పుడు అద్దాలు పెట్టాక వచ్చే చూపునే లెక్కలోకి తీసుకునేవారు. అద్దాలు కొనుక్కోలేని కోట్ల మంది అలా లెక్కకే రాకుండా పోయారు.

ఇక వయసు సంగతి. డెబ్బై ఏళ్లకు శుక్లం రావడం సహజమే. దాంతో చూపు పోగొట్టుకుని మంచం పట్టడం మాత్రం సహజం కాదు. అది వైద్యం అందకపోవడం. ఇప్పటికీ చాలా ఇళ్లలో 'శుక్లం ముదరాలి, అప్పుడే తీయాలి' అంటారు. పాత ఆపరేషన్ పద్ధతుల కాలం నాటి మాట అది. ఇప్పుడు పనులకు అడ్డమొస్తోందంటే చాలు, తీయించుకోవచ్చు. బాగా ముదిరితే ఆపరేషనే కష్టమవుతుంది.

ఆడవాళ్ల విషయం ఇంకా బాధ కలిగిస్తుంది. 2020 అంచనాల ప్రకారం ప్రపంచంలో అంధత్వం ఉన్న 4.3 కోట్ల మందిలో దాదాపు 55 శాతం స్త్రీలే. ఎక్కువ కాలం బతుకుతారు కాబట్టి అనే వివరణ కొంతవరకే నిజం. తోడు వచ్చే మనిషి, చేతిలో డబ్బు, తన కంటి కోసం ఒక రోజు కేటాయించుకునే హక్కు అనేవి కూడా ఇందులో ఉన్నాయి. పట్టికలో మాత్రం ఇదంతా 'స్త్రీ' అన్న ఒక్క పదం కింద అణిగిపోతుంది.

పేదరికానికీ చూపుకూ సంబంధం రెండు వైపులా నడుస్తుంది. ఒక్కసారి చేసే సర్వేలో ఏది ముందో తేలదు. అయితే అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన కూలీలపై చేసిన ఒక అధ్యయనం 2018లో వచ్చింది. దగ్గరి చూపు అద్దాలు ఇచ్చినవారి పని, ఇవ్వనివారితో పోలిస్తే దాదాపు 22 శాతం ఎక్కువ పెరిగింది. అంటే చూపు మందగించడం కూడా ఆదాయాన్ని తగ్గిస్తుందన్నమాట.

నిజంగా శరీరానికి సంబంధించిన రిస్కులను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. షుగర్ ఉన్నవాళ్లు చూపు బాగానే ఉందని రెటీనా పరీక్ష మానేస్తే, మసక కనిపించేసరికి నష్టం చాలా దూరం వెళ్లిపోయి ఉండొచ్చు. గ్లకోమాలో ఎక్కువగా పక్క చూపు ముందు పోతుంది, నొప్పి ఉండదు. కుటుంబంలో ఉంటే ముప్పు కూడా ఎక్కువ. అందుకే ఇంట్లో ఒకరికి ఉందని తేలితే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లలు అందరూ పరీక్ష చేయించుకోవాలి. దురదకు ఎప్పుడో రాసిచ్చిన స్టెరాయిడ్ చుక్కలను నెలల తరబడి సొంతంగా వాడటం ఇంకో ప్రమాదం. దానివల్ల శుక్లం రావచ్చు, కంటి ఒత్తిడి పెరిగి గ్లకోమా కూడా రావచ్చు. పొగతాగడం శుక్లానికీ, వయసుతో వచ్చే రెటీనా క్షీణతకూ దారి తీస్తుంది. 2024లో లాన్సెట్ వైద్య పత్రిక నిపుణుల కమిషన్, చికిత్స చేయని చూపు లోపాన్ని డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి క్షీణించే జబ్బు) రిస్క్ ఫ్యాక్టర్ల జాబితాలో చేర్చింది. కాబట్టి ఇది కంటితోనే ఆగే విషయం కూడా కాదు.

1990 నుంచి 2020 వరకు చూస్తే, వయసు తేడాలను సరిచేశాక అంధత్వం రేటు పావు వంతుకు పైగా తగ్గింది. వృద్ధుల జనాభా పెరగడంతో చూపులేని మనుషుల సంఖ్య మాత్రం పెరిగింది. 2050 నాటికి అది 6.1 కోట్లకు చేరుతుందని అంచనా. వయసును ఎవరూ ఆపలేరు. మార్చగలిగింది సేవలనే. దూరపు చూపు దోషంతో బాధపడేవారిలో సరైన అద్దాలు అందినవారు 36 శాతం, శుక్లంతో చూపు తగ్గినవారిలో నాణ్యమైన ఆపరేషన్ అందినవారు 17 శాతమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2030 నాటికి మొదటిదాన్ని 40, రెండోదాన్ని 30 శాతం పాయింట్లు పెంచుతామని 2021లో సభ్యదేశాలు ఒప్పుకున్నాయి. ఎంతమందికి చూపు లోపం ఉందో చెప్పే ప్రతి సర్వే, వారిలో ఎంతమందికి వైద్యం అందలేదో, ఎందుకు అందలేదో కూడా మొదటి పేజీలోనే చెప్పాలి.