ఫార్మాట్ కొట్టించే ముందు కంట్రోల్ ప్యానెల్ తెరిచి చూడండప్పా

కర్నూలు, కడప, అనంతపురం... ఏ ఊర్లో నెట్ సెంటరుకు పోయినా, డీటీపీ షాపుకు పోయినా, కంప్యూటర్ మొండికేస్తే వినబడేది ఒక్కటే మాట: "ఫార్మాట్ కొట్టేద్దాం అన్నా." అంటే డిస్కు తుడిచేసి విండోస్ మళ్లీ ఎక్కించడం. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ప్రింటర్ ఆఫ్‌లైన్ అంటే ఫార్మాట్. వెబ్‌సైటు తెరుచుకోకపోతే ఫార్మాట్. ఎక్సెల్‌లో తేదీలు తారుమారైతే దానికీ ఫార్మాటే. వీటిలో శానా వాటికి మందు కంట్రోల్ ప్యానెల్‌లోనే, అంటే విండోస్ అమరికలు మార్చుకునే చోటే ఉంది. దాన్ని తెరిచి చూసే ఓపికే ఎవరికీ లేదు.

ఫార్మాట్‌తో ఏమేం పోతాయో ముందు లెక్కేసుకోండి. డీటీపీ షాపులో అను ఫాంట్లు పోతే, ఏళ్లుగా దాచుకున్న పెళ్లిపత్రికల ఫైళ్లన్నీ పిచ్చి ఇంగ్లీషు అక్షరాలుగా కనబడతాయి. అవి యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా అక్షరాలు ఒకేలా చదివే పద్ధతి) కాదు కాబట్టి ఆ ఫాంటు ఉంటేనే తెలుగు. సేవా కేంద్రంలో అయితే వేలిముద్ర యంత్రం ఆర్‌డీ సర్వీసు (ఆధార్ కోసం ఆ యంత్రాన్ని నడిపే సాఫ్ట్‌వేర్), డిజిటల్ సంతకం టోకెన్ డ్రైవరు, స్కానర్ డ్రైవరు మళ్లీ మొదటి నుంచి ఎక్కించుకోవాల. బయట జనం క్యూలో నిలబడే ఉంటారు.

తేదీల సంగతే చూడండి. విండోస్ ఎక్కించేటప్పుడు భాష ఇంగ్లీష్ యునైటెడ్ స్టేట్స్ అని వదిలేస్తారు. ఎక్సెల్‌లో 05/06/2025 కొడితే మనకు జూన్ 5, కంప్యూటర్‌కు మే 6. 25/06/2025 కొడితే ఇరవై అయిదో నెల లేదు కాబట్టి దాన్ని తేదీగా తీసుకోదు, ఉత్త అక్షరాలుగా గడిలో ఎడమ పక్కకు అతుక్కుంటుంది. ఒకే కాలమ్‌లో కొన్ని కుడికి, కొన్ని ఎడమకు ఉన్నాయంటే జబ్బు ఇదే. కంట్రోల్ ప్యానెల్‌లో రీజియన్ తెరిచి, ఫార్మాట్ దగ్గర ఇంగ్లీష్ ఇండియా పెట్టండి. అడిషనల్ సెట్టింగ్స్‌లో డిజిట్ గ్రూపింగ్ 12,34,56,789 ఎంచుకుంటే లక్షలు, కోట్లు మన పద్ధతిలో కనబడతాయి. అయితే ఒక మాట. అప్పటికే తప్పుగా ఎక్కిన తేదీలు వాటంతటవే మారవు. ఎడమ పక్కనున్న వాటిని ఎక్సెల్‌లోని టెక్స్ట్ టు కాలమ్స్‌లో డీఎంవై (రోజు, నెల, సంవత్సరం) పెట్టి మార్చుకోవచ్చు. కుడి పక్కన తప్పుగా కూర్చున్నవి కాగితం చూసుకుంటా దిద్దుకోవాల. అందుకే దీన్ని మొదటి రోజే సరిచేయాల.

గడియారం ఇంకా పెద్ద తలనొప్పి. తేదీ వెనక్కి పోయిందంటే బ్యాంకు సైటు, ప్రభుత్వ పోర్టలు "కనెక్షన్ భద్రం కాదు" అంటాయి. సైటు భద్రతా సర్టిఫికెట్ గడువును బ్రౌజరు కంప్యూటర్ తేదీతోనే పోల్చి చూస్తుంది మరి. దీనికి నెట్‌ను తిట్టి లాభం లేదు. మదర్‌బోర్డు మీద సీఆర్2032 అని 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ ఉంటుంది, అది అయిపోయి ఉంటుంది. రాత్రిళ్లు షాపు మెయిన్ ఆపేసి పోయే చోట అది ఇంకా బిరబిరా అయిపోతుంది. బిళ్ల మార్చి, డేట్ అండ్ టైమ్‌లో టైమ్ జోన్ కూడా చూడండి. శానా సిస్టమ్‌లలో అది అమెరికా పసిఫిక్ టైమ్ మీదే ఉండిపోతుంది. జోన్ వదిలేసి చేత్తో గంటలు తిప్పితే, ఇంటర్నెట్‌తో సరిచూసుకున్న ప్రతిసారీ మళ్లీ పన్నెండున్నర, పదమూడున్నర గంటలు తేడా వస్తుంది. జోన్ యూటీసీ +05:30 (మన భారత సమయం) పెట్టి, తర్వాత ఇంటర్నెట్ టైమ్‌లో అప్‌డేట్ నొక్కండి.

"రోజూ షట్‌డౌన్ చేస్తానే ఉన్నా స్లో అవుతోంది" అనేవాళ్లు టాస్క్ మేనేజర్‌లో సీపీయూ కింద అప్ టైమ్ చూడండి. రోజులకు రోజులు చూపిస్తుంది. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్‌లో విండోస్ పూర్తిగా ఆగదు, కెర్నెల్‌ను (విండోస్ గుండెకాయ లాంటి భాగాన్ని) డిస్కులో దాచుకుని పొద్దున అదే బయటికి తీస్తుంది. పవర్ ఆప్షన్స్‌లో పవర్ బటన్ ఏం చేయాలో చెప్పే చోట ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసేయండి. లేదా వారానికి రెండు సార్లు రీస్టార్ట్ కొట్టండి, రీస్టార్ట్‌లో అంతా కొత్తగా మొదలవుతుంది.

ప్రింటర్ విషయం రోంత వేరు. కరెంటు పోయి వస్తే రౌటరు నెట్‌వర్క్ ప్రింటర్‌కు కొత్త ఐపీ (నెట్‌వర్క్‌లో దాని చిరునామా) ఇవ్వొచ్చు, కంప్యూటర్ పాత చిరునామాలోనే వెతుకుతుంది. ప్రింటర్‌కు ఐపీ స్థిరంగా కట్టేసి, ప్రింటర్ ప్రాపర్టీస్‌లో పోర్ట్స్ కింద స్టాండర్డ్ టీసీపీ/ఐపీ పోర్టుగా అదే ఇవ్వండి. రెండు మూడు ప్రింటర్లు ఉన్న షాపుల్లో "నా డిఫాల్ట్ ప్రింటర్‌ను విండోసే చూసుకోనీ" అన్న టిక్ తప్పకుండా తీసేయాల. లేకపోతే ఆఖరున వాడిన ప్రింటరే డిఫాల్ట్ అయిపోయి, అడంగల్ కాగితం పోయి ఫోటో ప్రింటర్‌లో వస్తుంది.

తప్పంతా మనోళ్లదే అని నేను అనను. 1985లో మొదటి విండోస్‌తోనే కంట్రోల్ ప్యానెల్ వచ్చింది. 2012 నుంచి సెట్టింగ్స్ అని ఇంకోటి పెట్టి, సగం ఇక్కడ సగం అక్కడ చేసి జనాన్ని తిప్పుతా ఉన్నారు. పైన చెప్పిన డిఫాల్ట్ ప్రింటర్ టిక్ కూడా ఇప్పుడు సెట్టింగ్స్‌లోనే ఉంది. కంప్యూటర్ కోర్సుల్లో వర్డ్, ఎక్సెల్, ట్యాలీతో పాటు ఇది కూడా ఒక వారం చెప్పాల. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి 'కంట్రోల్' అని కొట్టి, వ్యూ బై దగ్గర స్మాల్ ఐకాన్స్ పెడితే కంట్రోల్ ప్యానెల్‌లోవన్నీ ఒకే చోట కనబడతాయి. అంత నేర్పినా శానా మేలు.

ఏదైనా మార్చే ముందు సిస్టమ్ ప్రొటెక్షన్‌లో సీ డ్రైవ్‌కు ప్రొటెక్షన్ ఆన్ చేసి, క్రియేట్ నొక్కి ఒక రిస్టోర్ పాయింట్ (ఏదైనా చెడితే విండోస్‌ను వెనక్కి తీసుకుపోయే గుర్తు) పెట్టుకోండి. శానా చోట్ల అది ఆఫ్‌లోనే ఉంటుంది. వెనక్కి పోయినప్పుడు మీ డాక్యుమెంట్లు అట్లే ఉంటాయి. ఆ పాయింట్ తర్వాత ఎక్కించిన ప్రోగ్రాములు, డ్రైవర్లు మాత్రం పోతాయి, వాటిని మళ్లీ ఎక్కించుకోవాల.