‘కరిల్యన్’ అంటే తప్పేం కాదు

వైజాగ్‌లో తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. గోపురంలో ఉండే గంటల వాద్యానికి ఇంగ్లీషు పేరు సి, ఏ, ఆర్, ఐ, రెండు ఎల్‌లు, ఓ, ఎన్. అది ఫ్రెంచి మాట కాబట్టి ‘కారియోన్’ అనే పలకాలట. ఫ్రెంచిలో రెండు ఎల్‌లు వస్తే ఎప్పుడూ ‘య’నేనట. ‘ల’ వినిపిస్తే ఇంగ్లీషు రానట్టేనట.

మా అక్క కూతురు ఒక రీడింగ్ పోటీలో ‘కరిల్యన్’ అని చదివితే, ఈ మెసేజ్‌ని నమ్మిన జడ్జి అందరి ముందూ ఆపి మార్కు తీసేశారు. పాప ఆ మాట మీద పెట్టిన వేలు తీయకుండా అలాగే నిలబడిపోయింది. మిగతా పేరా చదవలేదు.

మాట ఫ్రెంచిదే, నిజం. కానీ 18వ శతాబ్దంలోనే ఇంగ్లీషులోకి వచ్చేసింది. బ్రిటిష్ నిఘంటువుల్లో ఉన్నది ‘కరిల్యన్’, ‘రి’ని నొక్కి పలకాలి. అమెరికాలో ఎక్కువగా మొదటి అక్షరాన్ని నొక్కి ‘క్యారలాన్’ అంటారు. రెండింట్లోనూ ‘ల’ ఉంది. పోర్చుగీసువాళ్ల ‘తువాల్య’ మన ఇళ్లలో తువాలు అయింది. దాన్ని తప్పని ఎవరంటారు?

పెవిలియన్ సంగతీ అంతే. ఇప్పటి ఫ్రెంచిలో దాన్ని దాదాపు ‘పవియోఁ’ అంటారు. మధురవాడ స్టేడియంలో అవుటైన బ్యాటర్ ఎక్కడికి వెళ్లాడని అడిగితే మనం పెవిలియన్‌కనే చెప్తాం.

రెండు ఎల్‌ల సూత్రమూ నిలవదు. ఫ్రెంచిలో ఊరిని ‘వీల్’ అంటారు, వెయ్యిని ‘మీల్’ అంటారు. రెండింటి స్పెల్లింగులోనూ రెండు ఎల్‌లున్నాయి, ‘ల’ స్పష్టంగా పలుకుతుంది.

పైగా ‘కారియోన్’ ఫ్రెంచి కూడా కాదు. అక్కడ చివర ‘న్’ పలకదు, ముక్కుతో తేల్చేస్తారు. మన పాత పుస్తకాల్లోని అరసున్న గుర్తుందా? ‘కారియోఁ’, అలా. అంటే పిల్లకి నేర్పమంటున్నది అటు ఫ్రెంచీ కాదు, ఇటు ఇంగ్లీషూ కాదు.

మెసేజ్‌తో పాటు పెట్టిన ఫొటోలో ఒకే ఒక్క చర్చి గంట ఉంది. కరిల్యన్ అనాలంటే కనీసం 23 గంటలుండాలి. అవి ఊగవు. వాయించేవారు చెక్క మీటల్ని పిడికిళ్లతో కొడితే, తీగలు లాగి గంట నాలుకల్ని కదుపుతాయి.

ఆ మార్కు పాపకి తిరిగి ఇమ్మని, నిఘంటువు పేజీ జతచేసి నిర్వాహకులకు ఉత్తరం రాశాను.