సొమ్ము విజయనగరానిది, సోకు విక్టోరియాది

మద్రాసు విక్టోరియా పబ్లిక్ హాలు గారికి,

నమస్కారాలు. సెంట్రల్ స్టేషన్‌లో దిగే తెలుగువాళ్ల చేతుల్లో ఆసుపత్రి ఫైలో, పట్టుచీరల లిస్టో ఉంటుంది. అందుకే పక్కనే ఎర్ర ఇటుకల్లో అంత ఠీవిగా నిలబడ్డా మీ వంక తలెత్తి చూడం. తప్పుగా అనుకోకండి. అయినా ఒక లెక్క తేలాలి.

1883లో మీకు శంకుస్థాపన చేసింది మా విజయనగరం మహారాజు పూసపాటి ఆనంద గజపతిరాజు గారు. చందా కూడా ఘనంగానే ఇచ్చారు. ఇంకొందరు సంస్థానాధీశులూ తలో చెయ్యి వేశారు. టౌన్‌హాలు అనుకుని మొదలుపెట్టిన మీకు, రాణిగారి పాలనకు యాభై ఏళ్లు నిండాయని ఆవిడ పేరు తగిలించారు. ఆవిడేమో జన్మలో ఇండియా గడప తొక్కలేదు! మా ఊళ్లో పెళ్లికి నూటపదహార్లు చదివించినవాడి పేరు కూడా మైకులో మోగుతుంది. మీ పేరులో మా రాజుగారికి ఆ పాటి చోటు కూడా దక్కలేదు.

మీ పక్కింటి తెల్లదొర, 1913 నాటి రిపన్ బిల్డింగు నయం. రిపన్ స్థానిక స్వపరిపాలనకు దారి వేసిన వైస్రాయి, కాబట్టి కార్పొరేషన్ ఆఫీసుకు ఆయన పేరంటే ఓ అర్థముంది. దాని ముందు విగ్రహమై నిలబడ్డ పిట్టి త్యాగరాయ చెట్టి గారు మన తెలుగువారే. 1916లో బ్రాహ్మణేతరుల హక్కుల కోసం పుట్టిన జస్టిస్ పార్టీకి బీజం పడ్డ సమావేశం మీ గదుల్లోనే జరిగింది, అందులో ఆయనా ఉన్నారు. ఆయన పేరు మీద వెలసిందే త్యాగరాయ నగర్. మనవాళ్లు దాన్ని ‘టి.నగర్’ చేసి, చీరల బేరంలో ఆ ‘టి’ ఎవరో మర్చిపోయారు.

మెరీనా మొదట్లో ఉన్న యుద్ధ స్మారకాన్ని చూడండి, ఎంత సర్దుకుపోయే మనిషో! మొదటి ప్రపంచయుద్ధంలో దొరల విజయానికి కట్టారు. తర్వాత రెండో ప్రపంచయుద్ధం, 1948 కాశ్మీరు, 1962 చైనా, 1965 పాకిస్తాన్ యుద్ధాల అమరులకూ అక్కడే చోటిచ్చింది. కొత్తవాళ్లు వచ్చినప్పుడల్లా కాస్త జరిగి కూర్చుంది. మీకేం వచ్చింది?

పేరు మార్చుకోమని అడగను. ఆ సరదా తీర్చడానికి పార్టీలున్నాయి. విక్టోరియా పక్కన ‘గజపతి’ అని మూడక్షరాలు... సారీ, నాలుగు. కుదరదంటే మీ ముందున్న ఆటోస్టాండుకైనా ఆ పేరు పెట్టించండి. మీటరు వెయ్యరు గానీ, పేరైతే రోజూ పలుకుతారు.

ఇట్లు,
చందాదారుల తరఫున ఒక తెలుగువాడు